పొగతోట సందులో జనరిక్ మందుల కొట్టు: ఒక బీపీ పేషెంటు రివ్యూ

కొట్టు పేరు రాయడం లేదు. రాస్తానంటే కౌంటరు దగ్గరుండే అబ్బాయే వద్దన్నాడు. "పేరు మాత్రం రాయబాకండి మేడమ్. చుట్టూ షాపులోళ్లంతా తెలిసినోళ్లే. రేపు ఎవురికన్నా కోపమొస్తే నేనీడ వ్యాపారం చేసుకోవాలా వద్దా?" అన్నాడు.

నెల్లూరు వాళ్లకి పొగతోట గురించి చెప్పక్కర్లేదు. పై ఊళ్లవాళ్ల కోసం చెప్తున్నా: ఆత్మకూరు, బుచ్చి, ఇందుకూరుపేట, ముత్తుకూరు, ఎక్కణ్నుంచి పేషెంటు దిగినా ఆటో అతను అడక్కుండానే తీసుకొచ్చి దించే చోటు అది. ఆసుపత్రి పక్కన ఆసుపత్రి, ప్రతి ఆసుపత్రి కింద ఒక మందుల షాపు, ఎదురుగా ఇంకో రెండు. ఇన్ని షాపుల మధ్య చవగ్గా అమ్మేవాడు పేరు దాచుకోవాల్సి రావడమేంటి? నేను ఇంటర్ పిల్లలకి ఎకనామిక్స్ చెప్పి రిటైరైనదాన్ని. అమ్మేవాళ్లు ఎక్కువైతే ధర దిగుతుందని బోర్డు మీద గీతలు గీసి మరీ చెప్పాను. మందుల దగ్గరికొచ్చేసరికి ఆ గీతలు ఎందుకు పనిచేయవో ఈ కౌంటరు ముందు నిలబడితే బాగా తెలుస్తుంది. ఒక మందుల కొట్టు గురించి ఇంత పొడుగు రాయడానికి కారణం అదే.

ముందు సరుకు సంగతి. నాకు బీపీకి టెల్మిసార్టాన్ 40. మా ఆయనకి సుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమిపిరైడ్ కలిసిన బిళ్ల పూటకొకటి, కొలెస్ట్రాల్‌కి అటార్వాస్టాటిన్. ఇద్దరికీ అప్పుడప్పుడు గ్యాస్ బిళ్ల పాంటోప్రజోల్. పెద్ద కంపెనీల బ్రాండ్లు వాడినన్నాళ్లూ నెల బిల్లు వెయ్యికి అటూఇటూగా వచ్చేది. ఇక్కడ మూడొందల లోపే తేలిపోతుంది. టెల్మిసార్టాన్ పది బిళ్లలు 18 రూపాయలు. నేను ఇదివరకు వాడిన బ్రాండు ఒక్కో బిళ్లే ఏడు రూపాయల పైన పడేది.

ఒక ఆదివారం మధ్యాహ్నం ఈ కొట్టు మూసుంది. మా ఆయనకి కడుపులో మంట. ఎదురు వరసలో "20 శాతం తగ్గింపు" అని బ్యానరు కట్టిన షాపుకి పోయి పాంటోప్రజోల్ అడిగాను. ఇచ్చారు. స్ట్రిప్ మీద ఎంఆర్‌పీ 104, తగ్గింపు పోను 83 రూపాయల 20 పైసలు. ఇంటికొచ్చి మందుల డబ్బాలో ఉన్న పాత స్ట్రిప్ పక్కన పెట్టి చూస్తే రెండూ ఒకటే. అదే కంపెనీ, అదే పేరు, హిమాచల్ ప్రదేశ్‌లో అదే ఫ్యాక్టరీ అడ్రసు, అదే 104. సందులో కొట్లో నేను దానికిచ్చింది 22 రూపాయలు.

దీన్ని మోసం అనడానికి లేదు. అచ్చేసిన ధర మీద పైసా ఎక్కువ తీసుకోలేదు, పైగా తగ్గించారు. చట్టం లెక్కన అంతా సవ్యమే. ఆ 104 ఎక్కణ్నుంచి వచ్చిందన్నదే అడగాల్సిన మాట.

మన దేశంలో మందులు షాపుకి చేరే దారులు ముఖ్యంగా రెండు. ఒకటి పెద్ద బ్రాండ్లది. కంపెనీ రెప్పులు, అంటే మెడికల్ రిప్రజెంటేటివ్‌లు, బ్యాగులేసుకుని డాక్టర్ల గదుల బయట కూర్చుంటారు, డాక్టరు ఆ పేరు రాస్తారు, మనం కొంటాం. రెండోది ట్రేడ్ జనరిక్‌లది. వీటికి రెప్పులుండరు. స్టాకిస్టు నుంచి నేరుగా షాపుకొస్తాయి. రెప్పుల ఖర్చు మిగిలింది కదా, ఆ మిగులు ధరలో తగ్గి మన దాకా రావాలని మనం అనుకుంటాం. అది షాపు దగ్గరే ఆగిపోతుంది. స్ట్రిప్ మీద ఎంత పెద్ద అంకె అచ్చేస్తే షాపుకి అంత మిగులు. ఎక్కువ మిగిల్చే కంపెనీదే బీరువాలో ముందు వరసలో ఉంటుంది. కంపెనీల మధ్య పోటీ లేదని ఎవరన్నారు? కుత్తుకలు కోసుకునేంత ఉంది. బ్రాండు వాళ్లు చీటీ రాసే చేతి కోసం కొట్టుకుంటారు, జనరిక్ వాళ్లు స్ట్రిప్ కత్తిరించే చేతి కోసం. పర్సు తీసే చేతిని పట్టించుకునే నాథుడు లేడు.

సర్కారు ధరలు కట్టడి చేస్తోంది కదా అంటారు. చేస్తోంది. 2013 నాటి ధరల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం అత్యవసర మందుల జాబితాలో ఉన్నవాటికి సీలింగ్ ధర పెడతారు. ఆ సీలింగ్ ఎట్టా కడతారంటే, మార్కెట్లో 1 శాతం వాటా, ఆపైన ఉన్న బ్రాండ్ల ధరలకి సగటు తీసి, దాని మీద 16 శాతం షాపు మార్జిన్ కలుపుతారు. తయారీకి ఎంతైందని అడగరు. అంతకుముందు 1995 ఉత్తర్వులో తయారీ ఖర్చునుంచి లెక్క మొదలయ్యేది, కాకపోతే అది 74 మందులకే. ఇప్పుడు జాబితా పెద్దది, లెక్క మెతక. జాబితాలో లేని మందుకైతే ఏడాదికి 10 శాతం దాకా పెంచుకోవచ్చు. బాగా అమ్ముడుపోయే బ్రాండ్లు ఖరీదైనవైతే సగటే ఖరీదవుతుంది. దాని నీడలో చవగ్గా అమ్మగలిగిన స్ట్రిప్ మీద కూడా పెద్ద అంకె అచ్చేసుకోవచ్చు.

ఈ కొట్టు మీద నా మొదటి అభ్యంతరం కూడా ఇక్కడే. 22 అనేది ఈ అబ్బాయి మంచితనం. స్ట్రిప్ మీద ఉన్నది 104. రేపు ఇతను కొట్టు ఎవరికైనా అమ్మేసి పోతే, కొత్తగా వచ్చినవాళ్లు 20 శాతం తగ్గింపు బ్యానరు కట్టి 83 తీసుకున్నా అడిగే హక్కు మనకి లేదు. 2008లో మొదలైన జన్ ఔషధి కేంద్రాల పద్ధతి నాకు ఈ ఒక్క విషయంలో నచ్చుతుంది. అక్కడ చవక ధరే స్ట్రిప్ మీద అచ్చయి ఉంటుంది, అమ్మేవాళ్ల దయతో పనిలేదు. ఆడపిల్లలకి రూపాయికొక శానిటరీ ప్యాడ్ ఇచ్చేదీ అక్కడే.

ఇక మా ఇంటాయన. ఈ మందులకి ఒప్పించేసరికి నా తలప్రాణం తోకకొచ్చింది. "పద్దెనిమిది రూపాయలకి పది బిళ్లలేందే? సుద్దముక్కలు గానీ ఇచ్చాడా?" అన్నాడు. ఇదే మనిషి 2021 మేలో కృష్ణపట్నం ఆనందయ్య మందుకి జనం బారులు తీరారని టీవీలో చూసి, బండి తాళాలు తీసుకుని బయల్దేరబోయాడు. ఉచితమైతే నమ్మకం, చవకైతే అనుమానం! చవకంటే అనుమానపడటం ఈ ఊరికి పుట్టుకతో వచ్చిన జబ్బు కూడా కాదు. కమ్యూనిస్టు నాయకుడు పుచ్చలపల్లి సుందరయ్య గారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డి గారి ప్రజావైద్యశాలకి జిల్లా జనం తక్కువ ఖర్చని వెళ్లారు, గొప్ప వైద్యమనీ వెళ్లారు. అక్కడ నమ్మకం మనిషి మీద. స్ట్రిప్‌కి ముఖం లేదు, అదీ ఇబ్బంది.

1963లో కెన్నెత్ యారో అనే అమెరికన్ ఆర్థికవేత్త చెప్పింది ఇదే. ఆయనకి తర్వాత 1972లో నోబెల్ వచ్చింది. వైద్యం కొనేవాడికి తనకేం కావాలో తెలీదు, కొన్నది పనిచేసిందో లేదో కూడా సరిగా తెలీదు, కాబట్టి ఈ సంత మామూలు సంతలాగా నడవదు, నమ్మకం మీద నడుస్తుంది అన్నాడు. వంకాయ పుచ్చో కాదో కోస్తే తెలిసిపోతుంది. బీపీ బిళ్ల మంచిదో కాదో మింగినా తెలీదు, ఎందుకంటే బీపీ ఉన్నట్టే తెలీదు కదా. తెలియనప్పుడు మనిషి ఏం చేస్తాడు? ధర చూసి నాణ్యత ఊహించుకుంటాడు.

మరి తెలిసినవాళ్లు ఏం కొంటారు? అమెరికాలో తలనొప్పి బిళ్లల మీద నలుగురు ఆర్థికవేత్తలు చేసిన పరిశోధన 2015లో వచ్చింది. లోపల ఉండే మందు ఒకటే, పైన పేరున్న బ్రాండు ఒకటి, షాపు సొంత పేరుతో అమ్మే చవకది ఒకటి. మామూలు జనం 26 శాతం సార్లు పేరున్న బ్రాండు కొన్నారు. ఫార్మసిస్టులు కొన్నది 9 శాతం సార్లే. మందు గురించి తెలిసినవాళ్లు వాళ్లింటికి చవకదే పట్టుకెళ్లారన్న మాట. ఈ ముక్క మా ఆయనకి చెప్తే, "ఆ పిలకాయ వాళ్ల నాయనకి ఏం బిళ్లలేస్తున్నాడో అడిగి రా పో" అన్నాడు. అడిగాను. బీరువా కింది అరలోంచి వాళ్ల నాన్న కోసం తీసిపెట్టిన సంచి చూపించాడు. మేం వాడే సుగర్ బిళ్లే. పరిశోధన కంటే ఆ సంచే మా ఇంట్లో బాగా పనిచేసింది.

అమెరికా షాపుల్లో దొరికే చవక బిళ్లకీ ఇక్కడ సందులో దొరికే దానికీ ఒకటే భరోసా ఉందని మాత్రం నేననను. అక్కడి తనిఖీలు వేరు. మన దగ్గర కూడా 2017 ఏప్రిల్ నుంచి, సులువుగా కరగని కొన్ని రకాల మందులకి, అసలు మందులాగే ఒంట్లో కలుస్తోందని పరీక్ష చేసి చూపిస్తేనే లైసెన్సు అనే నిబంధన పెట్టారు. అంతకుముందు లైసెన్సు వచ్చినవి బోలెడు ఉన్నాయి. నేను చేసింది చిన్న పని: మందు మార్చినప్పట్నుంచి పొద్దున్నే కాఫీకి ముందు ఇంట్లో మిషన్‌తో బీపీ చూసుకుని క్యాలెండరు మీద రాసుకున్నాను. పాత అంకెలకీ కొత్తవాటికీ తేడా లేదు. నా ఒక్కదాని క్యాలెండరు దేనికీ రుజువు కాదు, కానీ మీ క్యాలెండరు మీకు పనికొస్తుంది. థైరాయిడ్ బిళ్ల, ఫిట్స్ మందు, రక్తం పల్చబడటానికి వేసే వార్ఫరిన్ వాడేవాళ్లు మాత్రం ఎక్కడ చవకో చూసి కంపెనీలు మార్చబాకండి. వాటిలో మోతాదు కొంచెం తేడా వచ్చినా కొంప మునుగుతుంది. మార్చాలంటే డాక్టరుకి చెప్పి, రక్తపరీక్ష చేయించుకుంటూ మార్చాలి. కొట్లో అబ్బాయి కూడా ఇదే చెప్పాడు, వచ్చే బేరం వదులుకుని మరీ. నేనిచ్చిన మార్కుల్లో ఒకటి దానికే.

చీటీ సంగతి. చీటీలో డాక్టరు ఒక బ్రాండు రాస్తే, అందులో ఉన్న మందే అయినా సరే, షాపు వాళ్లు వేరే బ్రాండు ఇవ్వకూడదు. షెడ్యూల్ హెచ్ మందులకి, అంటే డాక్టరు చీటీ ఉంటేనే అమ్మాల్సినవాటికి, రూలు అదే. అందుకని ఈ కొట్లో బ్రాండు చీటీ చూపిస్తే, "కాంబినేషన్ పేరు రాయించుకురండి మేడమ్" అంటాడు. అంటే బ్రాండు పేరు కాకుండా లోపలున్న మందు పేరు, జనరిక్ పేరు. మొదట్లో విసుగేసింది. డాక్టర్ల కౌన్సిల్ 2016లోనే మందుల జనరిక్ పేర్లు, వీలైతే పెద్ద అక్షరాల్లో, రాయమంది. 2023 ఆగస్టులో జాతీయ వైద్య కమిషన్ అదే మాట ఇంకా గట్టిగా చెప్పి, డాక్టర్ల సంఘాలు ఎదురు తిరిగేసరికి ఆ నెలలోనే పక్కన పెట్టేసింది. "నాణ్యతకి పూచీ ఎవరిది?" అని వాళ్లడిగిన దాంట్లో న్యాయం లేకపోలేదు. మా డాక్టరు గారిని అడిగితే కళ్లద్దాల మీదుగా ఒక చూపు చూశారు. "మీరు లెక్చరరు కదమ్మా, మీకు చెప్పేదేముంది" అంటూ బ్రాండు పేరు కొట్టేసి, కింద టెల్మిసార్టాన్ అని విడివిడి అక్షరాల్లో రాసిచ్చారు. అడిగితే రాస్తారు. అడిగేవాళ్లేరీ? ముత్తుకూరు నుంచి పొద్దున బస్సెక్కొచ్చి టోకెన్ తీసుకుని కూర్చున్న మనిషికి, ఆ గదిలో దొరికే రెండు నిమిషాల్లో అంత గొంతు ఎక్కణ్నుంచి వస్తుంది? కొన్ని చీటీల మీద ఉండే బ్రాండ్లయితే ఆ ఆసుపత్రి మెట్ల కింది షాపులో తప్ప ట్రంకు రోడ్డు మొత్తం గాలించినా దొరకవు. అక్కడ పోటీ అనే మాటే లేదు.

అట్టని పోటీ అసలు పనిచేయదనీ కాదు. మన హైదరాబాదు మందుల షాపుల మీదే ఒక పరిశోధన ఉంది, 2019లో అచ్చయింది. ఒకే పేరుతో చాలాచోట్ల నడిచే గొలుసు షాపు వచ్చి చేరిన చోట్ల, పక్కనున్న పాత షాపుల్లో మందుల నాణ్యత 5 శాతం మెరుగైంది, ధర 2 శాతం తగ్గింది. డబ్బున్న కొనుగోలుదారులకీ లేనివాళ్లకీ ఆ లాభం ఒకేలా అందింది. అంకెలు చిన్నవే, కానీ దిశ చూడండి. ఈ సందులో కూడా మన జనరిక్ కొట్టు ఆకుపచ్చ బోర్డు పెట్టిన కొన్నాళ్లకే ఎదురు వరసలో 10 శాతం బ్యానర్లు వచ్చాయి, తర్వాత 15, ఇప్పుడు 20. ఈ కొట్లో మీరొక్క బిళ్ల కొనకపోయినా దీనివల్ల మీకు కాస్త మిగిలే ఉంటుంది. అబ్బాయికి కోపాలంటే భయమెందుకో కూడా అర్థమయ్యే ఉంటుంది.

ఇప్పుడు లోపాలు. స్టాకు నమ్ముకోలేం. టెల్మిసార్టాన్ 40 ఉంటే దాంట్లోనే హెచ్ అనే ఇంకో బీపీ మందు కలిసిన రకం ఉండదు, అది ఉన్నరోజు సుగర్ బిళ్ల ఉండదు. "రేపొస్తాది మేడమ్" అంటాడు. ఆ రేపు ఒక్కోసారి వారం. బీపీ బిళ్ల వారం ఆగదు కదా, పోయి బ్రాండు కొంటాం, మిగిలిందంతా అక్కడ పోతుంది. పది బిళ్లలు చేతిలో ఉండగానే వెళ్లండి. అడక్కపోతే బిల్లివ్వడు. అడిగితే బ్యాచ్ నంబరుతో సహా ఇస్తాడు, కాబట్టి అడగండి. సగం స్ట్రిప్ కావాలంటే, ఎక్స్‌పైరీ అచ్చయిన ముక్క తన దగ్గర పెట్టుకుని రెండోవైపు మనకిస్తాడు. అన్ని షాపుల్లోనూ ఇదే అలవాటు. "తేదీ ఉన్న ముక్క నాకియ్యి నాయనా" అంటే నవ్వి కత్తెర తిప్పుతాడు. పైన రేకులు. మే నెల్లో ఆ కొట్లో నిలబడితే మనమే కరిగిపోతాం, అందుకని ఇన్సులిన్ మాత్రం ఇక్కడ కొనను. ఫ్రిజ్ ఉంది, ఇన్వర్టరు లేదు.

మా ఇంట్లో పనిచేసే ఆవిడకి కూడా బీపీ. రోజూ వేసుకోవాల్సిన బిళ్ల రోజు మార్చి రోజు వేసుకునేది. "తల తిరిగితే వేసుకుంటా లేమ్మా" అనేది. దగ్గర్లో ప్రభుత్వ ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా ఇస్తారు కదా అంటే, "ఆడ లైన్లో నిలబడితే రెండిళ్ల పని పోద్దమ్మా" అంది. ఉచితానికి కూడా ధరుంటుందని ఆవిడకి ఒకరు చెప్పక్కర్లేదు. అమెరికాలో 1974 నుంచి 1982 దాకా ర్యాండ్ సంస్థ వేల మంది మీద ఒక ప్రయోగం చేసింది. కొందరికి వైద్యం పూర్తిగా ఉచితం, మిగతావాళ్లు ఖర్చులో కొంత జేబులోంచి పెట్టుకోవాలి. జేబులోంచి పెట్టుకోవాల్సి వచ్చినవాళ్లు వైద్యం తగ్గించుకున్నారు. అయితే పనికిరాని వైద్యం మానేసి పనికొచ్చేది ఉంచుకోలేదు, రెండూ ఒకేలా తగ్గించారు. మొత్తమ్మీద చాలామంది ఆరోగ్యంలో పెద్ద తేడా రాలేదు, కానీ బీపీ ఉన్న పేదవాళ్లకి మాత్రం ఉచిత వైద్యం మేలు చేసింది. మా పనావిడ లెక్క ఆ నివేదికలో ఉన్నట్టే.

మనకి 2007లో ఆరోగ్యశ్రీ వచ్చింది. ఆపరేషన్లకీ, ఆసుపత్రిలో చేరాల్సిన పెద్ద జబ్బులకీ అది నిజంగా ఆదుకుంది. నెలనెలా మింగే బిళ్లలు మాత్రం ప్రధానంగా మన నెత్తినే. దేశంలో ఆరోగ్యం మీద పెట్టే మొత్తం ఖర్చులో జనం జేబులోంచి పోయేది 2013-14లో 64.2 శాతం, 2021-22కి 39.4కి దిగిందని ప్రభుత్వ లెక్కలు. దిగినా ఇంకా తక్కువేం కాదు. పనావిడకి ఇప్పుడు ఈ కొట్లోనే ఆమ్లోడిపిన్ తెస్తున్నాను. నెలకి అయ్యేది ఆవిడ రెండు పూటల టీ డబ్బులు. రోజూ వేసుకుంటోందా? అంటోంది. డబ్బాలో బిళ్లలు లెక్కపెడితే ఒకట్రెండు మిగులుతున్నాయి. ధర తగ్గితే అలవాటు మొత్తం మారిపోతుందని నేనేం అనుకోలేదు.

అయిదుకి మూడున్నర ఇస్తాను. బీపీ, సుగర్, కొలెస్ట్రాల్, గ్యాస్ లాంటి రోజువారీ బిళ్లలకి పొగతోట దాకా వచ్చి కొనచ్చు. ఇన్సులిన్‌కీ, అర్ధరాత్రి జ్వరానికీ ఇది కాదు. స్టాకు నిలకడగా పెట్టి, ఇన్వర్టరు పెట్టి, బిల్లు అడక్కుండా ఇస్తే నాలుగున్నర. పొద్దున పదింటికి తీస్తాడు, రాత్రి తొమ్మిదింటి దాకా ఉంటాడు, ఆదివారం ఒంటిగంటకి కట్టేస్తాడు. ఫోన్‌పే ఉంది. చీటీ మీద జనరిక్ పేరు రాయించుకుని రండి, పోయేటప్పుడు ఆ చీటీ వెనక్కి అడిగి తీసుకోండి. నాది ఒకసారి కౌంటరు మీద ఫ్యాన్ గాలికి ఎగిరి బీరువా వెనక పడింది.